మార్జిన్ అప్పుతో షేర్లు: 1929 భయం ఎంతవరకు నిజం?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నాది హెచ్‌1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సొంత డబ్బు 60 వేల డాలర్లకు బ్రోకర్ దగ్గర 40 వేలు మార్జిన్ అప్పు (షేర్లే తాకట్టుగా తీసుకునే అప్పు) కలిపి లక్ష డాలర్ల షేర్లు కొన్నాను. సగం మా కంపెనీవే. 1929 నాటి అమెరికా షేర్ మార్కెట్ పతనం గురించి చదివినప్పటి నుంచి మా ఆవిడకు ఒకటే టెన్షన్. అన్నీ అమ్మేసి బ్యాంకులో వేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నీ అమ్మనక్కర్లేదండీ. అప్పు మాత్రం తీర్చేయండి. మీ ఆవిడ భయంలో న్యాయముంది. కాకపోతే భయపడాల్సింది ఆ 40 వేలను చూసి.

1920లలో అమెరికన్లకు కారు, రేడియో వాయిదాల మీద కొనడం అలవాటైపోయింది. షేర్లూ అలాగే కొన్నారు. 100 డాలర్ల షేర్‌కు 10 డాలర్లు పెడితే మిగతా 90 అప్పిచ్చే బ్రోకర్లుండేవారు. ఆ సొమ్ము బ్రోకర్లకు బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఇచ్చేవి, అడిగిన రోజే తిరిగివ్వాలన్న షరతుతో. 1929 శరత్కాలానికి ఈ అప్పులు 850 కోట్ల డాలర్లకు చేరాయి. షేర్ 90కి పడితే పెట్టిన పదీ పోయినట్టే. వెంటనే బ్రోకర్ నుంచి కబురు: ఇంకా కట్టండి, లేదంటే అమ్మేస్తాం. అలా అమ్మితే ధర మరింత పడేది, ఆ దెబ్బకు ఇంకొకరికి కబురు వెళ్లేది. అక్టోబర్ 29న ఒక్కరోజే కోటీ 60 లక్షలకు పైగా షేర్లు చేతులు మారాయి.

1929 సెప్టెంబర్ 3న 381 దగ్గరున్న డౌజోన్స్ సూచీ (అమెరికా పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే సూచీ) 1932 జులైకి 41కి పడింది. మళ్లీ ఆ స్థాయికి రావడానికి 1954 నవంబర్ దాకా పట్టింది. సరుకుల ధరలూ తగ్గాయి కాబట్టి, డివిడెండ్లు కలిపి చూస్తే అప్పు లేకుండా సూచీలోని షేర్లన్నీ పట్టుకుని కూర్చున్నవాళ్లు అంతకన్నా చాలా ముందే తేరుకునేవాళ్లు. కానీ అలా కూర్చోగలిగింది ఎందరు? 1933 నాటికి నలుగురిలో ఒకరికి పని లేదు. ఇల్లు గడవక అయినకాడికి అమ్ముకున్నారు.

అప్పట్లో బ్యాంకులో దాచినా భద్రత లేదు. 1930 నుంచి 1933 లోపు సుమారు 9 వేల బ్యాంకులు మూతపడ్డాయి. రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాక 1933లో డిపాజిట్ బీమా చట్టం వచ్చింది. ఈరోజు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరి పేరున రెండున్నర లక్షల డాలర్ల వరకు ఆ బీమా ఉంది. అందుకే ఇంటి ఖర్చుల డబ్బు బ్యాంకులో పెట్టమనడం వరకు మీ ఆవిడ మాట వినండి.

ఇక మీ లెక్క. ఇప్పుడు సగం సొంత డబ్బు లేనిదే మార్జిన్ మీద షేర్లు కొననివ్వరు. 1934 చట్టంతో వచ్చిన నియంత్రణ ఫలితమిది. ఖాతాలో మీ వాటా, అంటే షేర్ల విలువలోంచి అప్పు పోగా మిగిలేది, ఆ విలువలో 30 శాతానికి తగ్గకూడదని బ్రోకర్ నియమం అనుకుందాం. లక్ష డాలర్ల షేర్లు 57 వేలకు పడితే మీ వాటా 17 వేలే, అంటే 30 శాతం లోపే. అప్పుడిక మీకు చెప్పకుండానే అమ్మేసే హక్కు బ్రోకర్‌కు ఉంటుంది. ఒకే కంపెనీ షేర్లు ఎక్కువగా ఉంటే నియమం ఇంకా కఠినంగా ఉండొచ్చు. అప్పు లేకుంటే? మీ 60 వేలు అదే పతనంలో 34 వేలవుతాయి. బాధే, కానీ అమ్మమని ఎవరూ మెడమీద కూర్చోరు.

నాకు అంతకన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది మీ కంపెనీ షేర్లు. కంపెనీ దెబ్బతింటే షేరూ, జీతమూ, వీసా మూడూ ఒకేసారి కదులుతాయి. ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద మీకుండే గడువు మామూలుగా 60 రోజులే. కాబట్టి అప్పు తీర్చడానికి ముందు ఆ షేర్లే అమ్మండి. వాటిలోనూ కొని ఏడాది దాటినవైతే లాభం మీద పన్ను తక్కువ. అప్పు తీరాక మిగిలిన 60 వేలలో ఎనిమిది నెలల ఖర్చులకు సరిపడా బీమా ఉన్న సేవింగ్స్ ఖాతాలో వేసి, మిగతాది ఇండెక్స్ ఫండ్‌లోకి (సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఫండ్) మార్చండి. ఖాతాలో మార్జిన్ సౌకర్యాన్ని కూడా తీసేయమని బ్రోకర్‌కు రాసిపెట్టండి.