ముందు తప్పుతున్న సిలిండర్ ఏదో తేల్చుకోండి, కార్బురేటర్ తర్వాత

మీరు అడిగింది మీ పడవ మోటారు గురించి: పాతికేళ్ల నాటి 40 గుర్రాల (హార్స్‌పవర్) టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. చల్లగా ఉన్నప్పుడు బాగానే లేస్తోంది. అరగంట నడిచాక మిస్సింగ్ (మధ్యమధ్య మండక తప్పడం) మొదలై, పడవ ముక్కు లేవడం లేదు. కార్బురేటర్ రెండుసార్లు కడిగించినా అదే తీరు అన్నారు. మూడోసారి కడిగించవద్దు. మాది గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఊరు. ఇదే జబ్బుతో నేను ఒక చేపల వేట కాలమంతా పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక హెచ్చరిక. కారణం తెలిసేదాకా వేటకు వెళ్లకండి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తో కలిసే సిలిండర్‌కు చేరుతుంది. ఒక సిలిండర్‌కు పెట్రోల్ సరిగా అందడం లేదంటే ఆయిల్ కూడా అందడం లేదని అర్థం. ఆ స్థితిలో ఫుల్ రేసు ఇస్తే పిస్టన్ పట్టేస్తుంది. వందల్లో పోయే రిపేరు వేలల్లోకి పోతుంది.

ఇక పరీక్ష. మోటారును నీళ్లు నిండిన డ్రమ్ములో పెట్టండి, ప్రొపెల్లర్ తీసేయండి. పొడిగా మాత్రం తిప్పవద్దు, నీటి పంపులోని రబ్బరు చక్రం నిమిషాల్లో పాడవుతుంది. మిస్సింగ్ మొదలయ్యేదాకా నడిపి ఆపండి. పై సిలిండర్ ప్లగ్గు వైరు తీసి, ఒక పాత ప్లగ్గుకు తగిలించి, ఆ ప్లగ్గును ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనించి కట్టండి. సిలిండర్‌లో ఉన్న ప్లగ్గు అక్కడే ఉండాలి. ఇప్పుడు మోటారు లేపి చప్పుడు వినండి. తర్వాత ఆపి, కింది సిలిండర్‌కు అలాగే చేయండి. ఏ వైరు తీసినప్పుడు మోటారు చప్పుడు మారలేదో, ఆ సిలిండరే చచ్చి ఉంది. బాగున్న సిలిండర్ వైరు తీస్తే మోటారు ఆగిపోవచ్చు, కంగారు పడకండి, అదీ జవాబే. ఒక మాట మరిచిపోవద్దు: వైరును గాలిలో వేలాడదీసి నడపకూడదు. స్పార్కుకు దారి దొరకక, ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్, దాన్ని నడిపే సీడీఐ పెట్టె దెబ్బతింటాయి.

వెంటనే రెండు ప్లగ్గులూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చచ్చిన సిలిండర్ ప్లగ్గు పెట్రోల్‌తో తడిసి నల్లగా ఉంటే, పెట్రోల్ వస్తోంది కానీ మండడం లేదు. పొడిగా, తెల్లగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. నీటి బొట్లు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్‌ను (సిలిండర్‌కు, దాని పై మూతకు మధ్య ఉండే పొరను) అనుమానించండి. ఉప్పు నీటిలో తిరిగిన పాత మోటార్లలో అది అరుదేమీ కాదు.

ప్లగ్గులు బయట ఉండగానే, ప్లగ్గు రంధ్రానికి కంప్రెషన్ గేజి బిగించి, సిలిండర్ గాలిని ఎంత నొక్కుతోందో (కంప్రెషన్) కూడా ఒక్కొక్కటిగా చూసేయండి. ప్లగ్గు వైర్లను ఇంజన్ ఇనుముకు ఆనించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి ముల్లు ఇక పైకి కదలదనిపించేదాకా తాడు లాగండి. అంకె ఎంత అన్నదానికంటే రెండింటి మధ్య తేడా ముఖ్యం. పది, పదిహేను శాతం మించి తేడా ఉంటే పిస్టన్ రింగులైనా, గ్యాస్కెట్ అయినా పోయినట్టు. అప్పుడు ఇంజన్ విప్పక తప్పదు. నా మోటారులో ఒకటి 115, ఒకటి 112 చూపించాయి. ఆ రెండు అంకెలు మొదట్లోనే చూసి ఉంటే నేను అంత తిరిగేవాడిని కాదు.

నా కథ ఇది. ఒకరోజు పాటు (సముద్రం నీళ్లు వెనక్కి తగ్గడం) మొదలయ్యాక మొగ దాటుతుండగా కింది సిలిండర్ ఆగిపోయింది. నాన్న కూడా పడవలోనే ఉన్నారు. ఒక్క సిలిండర్‌తో, అలల మీద ఊగుతూ ఒడ్డుకు చేరాం. మెకానిక్ రెండుసార్లు కార్బురేటర్ కిట్లు మార్చాడు, చివరకు రింగులు పోయాయన్నాడు. కాయిల్‌ను మీటరు పెట్టి చూశాడు, రీడింగు సరిగానే ఉంది. అయితే చూసింది చల్లారిన కాయిల్‌ను. మా బాబాయి వచ్చి, "పై కాయిల్ కిందికి, కింది కాయిల్ పైకి మార్చి చూడరా, చెడు ఎటు పోతుందో దాని వెంటే వెళ్లు" అన్నారు. మార్చాం. అరగంటకు పై సిలిండర్ ఆగింది! చీకటి పడ్డాక మూత తీసి నడిపితే, కాయిల్ పక్క నుంచి దాని బిగింపు దగ్గరికి నీలంగా సన్నటి గీత పాకుతూ కనిపించింది. వెంట్రుకంత పగులు, అందులో తెల్లగా ఉప్పు.

మీ మోటారులో కూడా కాయిల్స్ రెండు విడివిడిగా ఉంటే ఇదే చేయండి. ముందు ప్లగ్గులు పైది కిందికి, కిందిది పైకి మార్చండి, అరగంట నడపండి. చెడు కదలకపోతే కాయిల్స్ అలాగే మార్చండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది చేసిన మేలో తెలియదు. కాయిల్ విప్పినప్పుడు దాని ఎర్త్ వైరు బోల్టు కింద పచ్చటి తుప్పు ఉంటే గీకి శుభ్రం చేయండి. కొన్నిసార్లు జబ్బంతా అక్కడే ఉంటుంది.

ప్లగ్గు పొడిగా ఉంటేనే పెట్రోల్ వైపు వెళ్లండి. మిస్సింగ్ వచ్చినప్పుడు ట్యాంకు గొట్టంలోని రబ్బరు బల్బు పిండి చూడండి. మోటారు తేరుకుంటే తప్పు పెట్రోల్ పంపు డయాఫ్రంలోనో (లోపలి పలచటి పొరలోనో) గొట్టంలోనో ఉంది. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఎథనాల్ పాత రబ్బరును త్వరగా మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది. కార్బురేటర్ నోటి నుంచి పెట్రోల్ వెనక్కి చిమ్ముతుంటే రీడ్ వాల్వు (పెట్రోల్‌ను ఇంజన్‌లోకి మాత్రమే పోనిచ్చే తలుపు లాంటిది) రేకు విరిగిందేమో చూడాలి.

చల్లగా బాగుండి వేడెక్కాక తప్పుతోందన్నారు కాబట్టి నా అనుమానం కాయిల్ మీదే. రెండు కంప్రెషన్ అంకెలు, వేడి మీద తీసిన ప్లగ్గుల రంగు రాయండి, తర్వాత ఎటు వెళ్లాలో చెబుతాను.