చైర్మన్ ఫొటో ఎంత సైజులో వేయాలి?

ప్రశ్న: సార్, మా కంపెనీ యాన్యువల్ రిపోర్ట్ తయారు చేసే పని ఈసారి నా నెత్తిన పడింది. పోయినేడాదిది 200 పేజీలు, ఆర్ట్ పేపరు, ఎటు తిప్పినా ఫొటోలే. తీరా మీటింగ్‌లో షేర్‌హోల్డర్లు అడిగినవాటికి జవాబులన్నీ అందులోనే ఉన్నాయి, ఎవరికీ కనిపించలేదంతే. పైగా ఈ ఏడాది లాభం తగ్గింది. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: లాభం తగ్గిందన్నారు కదా, అక్కడే మొదలుపెట్టండి. వేళాకోళం కాదండీ. ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది, అందులో మన పొరపాటు ఎంత, మన చేతిలో లేనిది ఎంత, ఇదంతా చైర్మన్ లేఖ మొదటి పేరాలోనే ఉండాలి. ఆ అంకె చదివేవాళ్లకు ఎలాగూ దొరుకుతుంది. మనం చెప్పకుండా వాళ్లే వెతికి పట్టుకున్నారనుకోండి, ఇక మిగతా పేజీల్లో మనం నిజం రాసినా నమ్మరు.

నేనూ ఒకప్పుడు ఒక కంపెనీలో ఈ చాకిరీ చేసినవాణ్ణే. నష్టం వచ్చిన ఏడాది నలుగురం కూర్చుని మూడు రోజులు చెక్కిన వాక్యం ఇది: ‘సవాళ్లతో కూడిన వ్యాపార వాతావరణంలోనూ సంస్థ తన దృఢత్వాన్ని చాటుకుంది.’ మీటింగ్‌లో ఒక పెద్దాయన లేచి, కళ్లజోడు సవరించుకుని, దాన్ని గట్టిగా చదివి ‘బాబూ, ఇంతకీ ఏం జరిగింది?’ అని అడిగితే వేదిక మీదున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జరిగింది చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. ‘మా అమ్మకాల్లో ఐదో వంతు ఒక్క కస్టమర్‌దే. అతను జూన్‌లో మానేశాడు. అతని ఆర్డర్ల కోసం కొన్న మిషన్లు సగం రోజులు ఖాళీగా ఉన్నాయి. కొత్తగా రెండు ఆర్డర్లు వచ్చాయి కానీ ఆ లోటు పూడలేదు.’ ఇలా రాసి ఉంటే ఆయన లేచేవాడే కాదు, లేచినా ‘మరి ఆ మిషన్లు ఏం చేస్తారు’ అని పనికొచ్చే ప్రశ్న అడిగేవాడు.

ఎవరి కోసం రాస్తున్నామో ఒక మనిషిని ఊహించుకుంటే భాష దానంతటదే దారికొస్తుంది. అమెరికా మదుపరి వారెన్ బఫెట్ తన కంపెనీ బెర్క్‌షైర్ హాథవే వాటాదారులకు లేఖ రాసేటప్పుడు తన అక్కకీ చెల్లికీ రాస్తున్నట్టు అనుకునేవాడట. ఇద్దరూ తెలివైనవాళ్లే, కానీ అకౌంట్స్‌లో నిపుణులు కారు. 1989 సంవత్సరపు లేఖలో ఆయన పాతికేళ్ల తన తప్పుల జాబితా ఇచ్చాడు, అందులో మొదటి తప్పు అసలు ఆ కంపెనీని కొనడమే! మీ చైర్మన్‌ని అంత దూరం వెళ్లమనను. పోయినేడాది రిపోర్ట్ పక్కన పెట్టుకుని, అప్పుడు చేస్తామన్నవాటిలో ఏవి అయ్యాయి, ఏవి కాలేదు, ఏవి మానుకున్నాం అని ఒక పేజీ రాయించండి చాలు. రిపోర్ట్ మొత్తంలో షేర్‌హోల్డర్లు దాచుకునే పేజీ అదే అవుతుంది, బోర్డులో ఎక్కువ గొడవ అయ్యేదీ దాని మీదే, ఆ గొడవకి సిద్ధపడండి.

గ్రాఫుల దగ్గర జాగ్రత్త. అమ్మకాలు 96 నుంచి 100కి పెరిగాయనుకోండి, డిజైనర్ స్కేలుని సున్నా నుంచి కాకుండా 92 నుంచి మొదలుపెడితే పాత కడ్డీ ఎత్తు 4, కొత్తదాని ఎత్తు 8. నాలుగు శాతం చిల్లర పెరుగుదల కాస్తా కంటికి రెట్టింపు! అంకె తప్పు కాదు, బొమ్మే అబద్ధం. అలాగే ‘ఈ ఖర్చు తీసేసి చూస్తే, ఆ నష్టం పక్కన పెడితే’ అంటూ సవరించిన లాభం చూపిస్తే, అసలు లాభం కూడా దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

ప్రశ్న: నేను రాసేవాణ్ణి కాదు, నాలుగు షేర్లున్నవాణ్ణి. అంత లావు పుస్తకంలో ముందు ఏ పేజీ తెరవాలి?

జవాబు: వెనక నుంచి రండి. ముందు ఆడిటర్ రిపోర్ట్. అంతర్జాతీయ ఆడిట్ ప్రమాణాల ప్రకారం 2016 చివరి నుంచి లిస్టెడ్ కంపెనీల ఆడిటర్లు ఎక్కువగా తలపట్టుకున్న అంశాలను ‘కీ ఆడిట్ మ్యాటర్స్’ పేరుతో విడిగా రాస్తున్నారు, అవి చదవండి. తర్వాత క్యాష్ ఫ్లో పట్టిక, అంటే ఏడాదిలో నిజంగా ఎంత డబ్బు వచ్చింది, ఎంత పోయింది అన్న లెక్క. లాభం ఏటా పెరుగుతూ చేతికొచ్చే డబ్బు మాత్రం పెరగడం లేదంటే, సరుకు అప్పు మీద అమ్ముతున్నారా, అమ్ముడుపోక గోడౌన్‌లో పేరుకుందా అని బ్యాలెన్స్ షీట్‌లో చూడండి. ఆ తర్వాత నోట్స్, అంటే పట్టికల్లోని అంకెలకు వెనక ఇచ్చే వివరణలు, ముఖ్యంగా కంపెనీ తన సొంత మనుషులతో చేసుకున్న లావాదేవీలు. అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ 2000 సంవత్సరపు రిపోర్ట్ ముందు పేజీల్లో 10,000 కోట్ల డాలర్లు దాటిన రాబడి మెరిసిపోతుంటే, ఆ సంస్థ పెద్ద అధికారి ఒకరు నడిపే పార్ట్‌నర్‌షిప్‌లతో లావాదేవీలున్నాయన్న సంగతి వెనక నోట్స్‌లో ఉంది, అదీ ఎంత చదివినా ఎవరికి ఎంత ముట్టిందో తేలని భాషలో. 2001 డిసెంబర్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మీ కంపెనీ రిపోర్ట్‌లో అలాంటి నోట్ చదివీ అర్థం కాకపోతే తప్పు మీది కాదు, కంపెనీకి ఉత్తరం రాసి అడగండి.

ప్రశ్న: మా చైర్మన్ తన ఫొటో పూర్తి పేజీ కావాలంటున్నారు. ఏం చేయను?

జవాబు: వేసేయండి, దానికోసం ఉద్యోగం పోగొట్టుకోవద్దు. కాకపోతే విషయసూచిక దాని తర్వాతికి పోకుండా చూడండి. ఇంకో మాట, రిపోర్ట్‌ని వెబ్‌సైట్‌లో స్కాన్ చేసిన బొమ్మల్లా పెట్టకండి, అందులో ఒక్క మాట వెతకబోయినా దొరకదు.