మిల్క్ స్నేక్ ఉపజాతా? రంగు తర్వాత, ముందు కౌంటీ (జిల్లా) చెప్పండి

ప్రశ్న: "మిల్క్ స్నేక్ ఏ ఉపజాతిదో ఫోటో చూసి చెప్పేయొచ్చా, లేక అది ఎక్కడ దొరికిందో కూడా తెలియాలా?"

"కూడా" కాదండీ. విషం లేని ఈ అమెరికా ఖండాల పాముకి ఎక్కడ దొరికిందన్నదే ముందు, ఫోటో ఆ తర్వాత. ఊరూ గోత్రమూ అడక్కుండా ఫోటో చూసి పెళ్ళి సంబంధం ఖాయం చేసేవాళ్ళు ఉంటారు గానీ, పాముల దగ్గర ఆ పని చేస్తే నాలాగా నవ్వులపాలవుతారు.

కొన్నేళ్ళ కిందట అమెరికాలో, కెంటకీ రాష్ట్రం నడిమధ్యలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. పెరట్లో ఎప్పుడో కూలిపోయిన షెడ్డు తాలూకు రేకులు గడ్డిలో పడి ఉండేవి. వాటిని తీసేయమని ఓనరు పోరు. మే నెలలో ఒక సాయంత్రం నేనూ మా బావమరిదీ దిగాం. మొదటి రేకు కింద చీమలు. రెండోది ఎత్తీ ఎత్తగానే ఎండుటాకుల్లోంచి గిలక ఊపినట్టు సన్నటి గరగర. ఇద్దరం అలాగే బిగుసుకుపోయాం.

"బావా, జరుగు! కాపర్‌హెడ్!" కాపర్‌హెడ్ అంటే అక్కడి విషప్పాము. వాడి చేతిలో పార అప్పటికే పైకి లేచింది.

పార కర్ర పట్టుకుని "ఒక్క నిమిషం ఆగరా" అన్నాను. ధైర్యం కాదు, ఆ పాము మెరుపు చూసి ఆగాను. కాపర్‌హెడ్ ఒంటి మీద పొలుసుల్లో చాలావాటికి మధ్యలో సన్నటి గట్టు ఉంటుంది, అందుకే అది దుమ్ము పట్టినట్టు మెరుపు లేకుండా కనిపిస్తుంది. ఇది నూనె రాసినట్టు నున్నగా ఉంది. కాపర్‌హెడ్ మచ్చ వెన్ను మీద సన్నగా ఉండి పక్కలకి దిగేకొద్దీ వెడల్పవుతుంది, ఇసుక గడియారాన్ని అడ్డంగా పడుకోబెట్టినట్టు. దీని మచ్చ వెన్ను మీదే వెడల్పు, అంచు చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు. కాపర్‌హెడ్ తల రాగి రంగులో, మచ్చలేమీ లేకుండా ఉంటుంది. దీని తల మీద నానా గీతలూ ఉన్నాయి. ఇక ఆ గరగర అంటారా, తోక చివర గిలకా లేదు, ఏమీ లేదు. మామూలు తోకనే ఆకుల్లో వేగంగా ఆడిస్తోంది. మిల్క్ స్నేక్‌లకి ఇది పాత అలవాటు. దీన్నే తోక గిలక ఊపే విషప్పాము రాటిల్‌స్నేక్ అనుకుని ఎన్నిటిని పారలతో నరికారో లెక్కే లేదు.

తోటపని గ్లౌజులు వేసుకుని ఎత్తాను. వెంటనే వేలు కరిచింది, గ్లౌజు దాటలేదు. దాంతో ఆగక తోక దగ్గరనుంచి ఏదో వదిలింది, ఆ కంపు ఎన్ని సార్లు సబ్బు రుద్దినా మర్నాటిదాకా పోలేదు. రెండున్నర అడుగులుంటుంది. తిప్పి చూస్తే పొట్ట మీద చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్ళు. మిల్క్ స్నేక్ అని అక్కడికి ఖాయమైంది. బావమరిదికి మాత్రం కాలేదు, వాడు ఇంకా పార దించలేదు.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. ఈస్టర్న్ మిల్క్ స్నేక్‌కి మెడ మీద ఇంగ్లీషు వై అక్షరంలాంటి లేత మచ్చ ఉంటుందనీ, వెన్ను మీద పెద్ద మచ్చల వరస, పక్కల చిన్న మచ్చల వరసలు ఉంటాయనీ పుస్తకాల్లో చదివాను. రెడ్ మిల్క్ స్నేక్‌కి మెడ చుట్టూ కాలరులా లేత పట్టీ, వెన్ను మచ్చలు జీను వేసినట్టు పక్కల కిందిదాకా దిగడం, రంగు బాగా ఎర్రన. మరి నా చేతిలో ఉన్నదానికి మెడ మీద వై రాయబోయి మధ్యలో మానేసినట్టుంది. ముందు సగంలో మచ్చలు పొట్ట దగ్గరదాకా దిగాయి, వెనక సగంలో పైనే ఆగిపోయి పక్కల చిన్న మచ్చలు మొదలయ్యాయి. రంగు మరీ గోధుమా కాదు, మరీ ఎరుపూ కాదు, కాల్చిన ఇటుక.

తొమ్మిది ఫోటోలు తీసి, దాన్ని రాతిగోడ దగ్గర వదిలేసి, ఆ రాత్రి ఫోటోలు పాముల పిచ్చివాళ్ళకి పంపాను. ఒకరు ఈస్టర్న్ అన్నారు. ఒకరు రెడ్ అన్నారు, "కళ్ళు కనపడటం లేదా" అన్న ధోరణిలో. ఇంకొకాయన కార్న్ స్నేక్ అనే వేరే పాము అన్నాడు. ఆయన్నీ పూర్తిగా తప్పు పట్టలేం, దాని పొట్ట మీదా గళ్ళుంటాయి. కాకపోతే తోక మొదట్లో, మలద్వారాన్ని కప్పే పొలుసు కార్న్ స్నేక్‌కి రెండు ముక్కలు, మిల్క్ స్నేక్‌కి ఒకటే. నా ఫోటోలో ఒకటే ఉంది. చివరికి ఆ చుట్టుపక్కల ఏళ్ళ తరబడి రాళ్ళు ఎత్తి చూసిన ఒక పెద్దాయన ఫోటో గురించి ఒక్క మాటా అనకుండా "ఏ కౌంటీ?" అన్నారు. చెప్పాను. "అయితే రెండూను" అన్నారు.

అంతే కదా మరి! కెంటకీ తూర్పున ఈస్టర్న్, పడమర రెడ్, మధ్యలో రెండూ కలిసిపోయినవి. గీత మీద కాపురం ఉండి నా పాము గీతకి ఏ పక్కదని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు?

ఇక్కడ జనం పట్టించుకోని సంగతి ఒకటుంది. ఉపజాతి వర్ణన అంటే ఒక ప్రాంతంలోని పాముల సగటు. కెన్నెత్ విలియమ్స్ 1978 లో ఈ పాముల మీద పెద్ద అధ్యయనం వెలువరించారు, కెనడా నుంచి దక్షిణ అమెరికా దాకా 23 ఉపజాతులుగా సర్దారు. ఎర్ర పట్టీలెన్ని, ముట్టె నలుపా తెలుపా, పొలుసుల వరసలెన్ని, ఇవన్నీ ఎన్నో పాముల మీద లెక్కపెట్టి తేల్చిన హద్దులు. ఒక్క పాము ఆ సగటుకి అటో ఇటో తూగొచ్చు. లూసియానాలోని మిల్క్ స్నేక్‌కి ముట్టె నల్లగా ఉండి తెల్ల చుక్కలు పడతాయి, టెక్సస్ దక్షిణాన మెక్సికన్ మిల్క్ స్నేక్‌కి తల దాదాపు నలుపే. ఆ రెంటికీ మధ్య దొరికినదానికి తల ఎలా ఉండాలో దానికెవరు చెప్పారు?

2014 లో డీఎన్‌ఏ పరిశీలించి మొత్తాన్ని ఏడు జాతులుగా విడగొట్టారు, పాత ఉపజాతుల పేర్లు చాలావరకు అందులో కలిసిపోయాయి. వాటిలో ఈస్టర్న్‌కీ పడమటిదానికీ హద్దు సుమారుగా మిసిసిపీ నది. అంటే అక్కడా మళ్ళీ చోటే! అయినా పెంపుడు పాముల అమ్మకాల చీటీల మీద ఇప్పటికీ పాత పేర్లే నడుస్తున్నాయి. మీ ప్రశ్న కూడా అక్కడినుంచే పుట్టిందని నా అనుమానం. కొనుక్కున్న పాము అయితే ఉపజాతి సంగతి మర్చిపోండి. ఎర్రటి పట్టీ వెడల్పుగా ఉంటే సినలోవన్, తెల్ల పట్టీ వెడల్పుగా ఉంటే ప్యూబ్లన్, ఒళ్ళంతా నారింజ అయితే హోండురన్ అని చీటీ రాసి అమ్మేస్తారు. దాని తాతముత్తాతల్ని ఎవరు దేనితో జతకట్టించారో అమ్మినవాడికే తెలియదు. నేనూ ఒకసారి "అసలు సిసలు హోండురన్" అన్న మాట నమ్మి కొన్నాను. ఎక్కడినుంచి వచ్చిన వంశం అని అడిగితే అమ్మినవాడు ధర తగ్గించాడు గానీ జవాబు చెప్పలేదు.

రంగునే నమ్ముతానంటారా, అయితే కోస్టారికా, పనామా కొండల్లోని బ్లాక్ మిల్క్ స్నేక్‌ని చూడండి. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఎరుపు, నలుపు, లేతరంగు పట్టీలతో ముద్దుగా ఉంటుంది. పెద్దయ్యేసరికి కాకి నలుపు. పిల్లా తల్లీ ఫోటోలు పక్కపక్కన పెడితే మన ఫోటో పండితులు రెంటికీ చుట్టరికమే లేదంటారు.

ఇంకో బాధ కూడా చెప్పుకోనివ్వండి. "ఎరుపు పసుపుని తాకితే విషం, ఎరుపు నలుపుని తాకితే నేస్తం" అని ఒక పాట ఉంది. అది అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని, ఎరుపు పసుపు నలుపు పట్టీలుండే విషప్పాములైన కోరల్ స్నేక్‌ల కోసం కట్టింది. మెక్సికోలోనూ, ఇంకా దక్షిణానికి పోయినా ఎరుపు నలుపుని తాకే కోరల్ స్నేక్‌లు ఉన్నాయి, అక్కడ ఈ పాట పాడుతూ చెయ్యి పెడితే ప్రాణం మీదికొస్తుంది. పసుపు పట్టీయే లేని మా పెరటి పాముకి కూడా పక్కింటాయన ఇదే పాట పాడి, తీరా ఏం తేల్చాలో తెలియక పార తెమ్మన్నాడు. అసలు కెంటకీలో కోరల్ స్నేకే లేదు కదా అంటే వినడు. ఆ పేరు కూడా అలాంటిదే. ఎలకల కోసం పశువుల కొట్టాల్లో దూరితే ఆవుల పాలు తాగుతోందని మిల్క్ స్నేక్ అన్నారు. మన జెర్రిపోతు మీద వేసిన నిందే, అక్షరం మారలేదు.

జులైలో ఆ రాతిగోడ సందులో ఒక కుబుసం దొరికింది. అదే పాముదని ప్రమాణం చెయ్యలేను గానీ మచ్చల నీడ ఇంకా తెలుస్తోంది. నీళ్ళలో నానబెట్టి, తెల్ల కాగితం మీద పరిచి, గుండుసూది మొనతో నడుం దగ్గర ఏటవాలుగా పొలుసుల వరసలు లెక్కపెట్టాను. పొట్ట పొలుసు వదిలేసి ఇరవై ఒకటి. మిల్క్ స్నేక్ చుట్టమైన స్కార్లెట్ కింగ్‌స్నేక్ అయితే పంతొమ్మిది దాటదు కాబట్టి అది కాదని తేలింది. ఈస్టర్నా, రెడ్డా అన్నది మాత్రం ఆ లెక్కలో తేలే విషయం కాదు. ఆరబెట్టి కవర్లో పెట్టి, పైన తేదీ, కౌంటీ, రాతిగోడ అని రాశాను. ఉపజాతి అన్న చోట ఇప్పటికీ ఏమీ రాయలేదు. మా బావమరిది వచ్చినప్పుడల్లా ఆ కవరు చూసి "నీ కాపర్‌హెడ్ తోలు ఇంకా దాచావా బావా" అంటాడు.