శాస్త్రవేత్త వ్యాసానికి ఏ పేరు పెట్టాలి?

ఒక రసాయన శాస్త్రవేత్త పెళ్లికి ముందు పుట్టింటి పేరుతో, తర్వాత భర్త ఇంటిపేరుతో పరిశోధన పత్రాలు రాశారు, అవార్డు మీద రెండూ కలిసిన పూర్తి పేరుంది, వికీపీడియా వ్యాసానికి ఏది శీర్షికగా పెట్టాలి అని మీరు అడిగారు. ఆమె గురించి ఇతరులు రాసిన నమ్మదగిన మూలాల్లో ఏ పేరు ఎక్కువగా కనిపిస్తే అదే పెట్టండి. సర్టిఫికెట్లలో ఉన్న పేరే కానక్కర్లేదు. డాక్టర్, ప్రొఫెసర్ లాంటివి శీర్షికలో వద్దు.

బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డోరతీ హాడ్జ్‌కిన్ విషయం మీ ప్రశ్నకు బాగా దగ్గర. 1937లో పెళ్లయినా 1949 దాకా ఆమె డోరతీ క్రోఫుట్ పేరుతోనే ప్రచురించారు. 1964 నోబెల్ బహుమతి డోరతీ క్రోఫుట్ హాడ్జ్‌కిన్ పేరు మీద వచ్చింది. ఇంగ్లీషు వికీపీడియా మాత్రం డోరతీ హాడ్జ్‌కిన్ అనే పెట్టింది, నాకూ అదే సబబనిపిస్తుంది. అయితే పెన్సిలిన్ నిర్మాణం తేల్చిన రోజుల్లో ఆమె క్రోఫుట్. ఆ పేరు వ్యాసంలో లేకపోతే పాత పత్రం చదివినవాళ్లకు అది ఆమె పనేనని ఎలా తెలుస్తుంది?

కొన్నేళ్లుగా ఇలాంటి వ్యాసాలు రాస్తున్నాను కాబట్టి ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను. ఒక వృక్షశాస్త్రవేత్త గురించి రాస్తూ, అందరికీ తెలిసిన పేరుతో పరిశోధన పత్రాల డేటాబేసులో వెతికితే ఆమె కెరీర్ సగంలోంచి మొదలైనట్టు కనిపించింది. పుట్టింటి పేరుతో వెతికాక సిద్ధాంత గ్రంథం, తొలి పత్రాలు అన్నీ బయటపడ్డాయి. సంస్థ ఒకటే, సహరచయితలూ వాళ్లే. అయినా అంతమాత్రాన ఇద్దరూ ఒకరేనని రాయకూడదు. రెండు పేర్లూ కలిపి చెప్పిన ఒక అచ్చయిన పరిచయ వ్యాసం దొరికాకే రాశాను. మీరూ అలాంటి మూలం ఒకటి ముందు సంపాదించండి.

శీర్షిక ఒకటే అయినా మిగతా పేర్లు ఎక్కడికీ పోవు. మొదటి వాక్యంలో పూర్తి పేరు, పుట్టింటి పేరు ఇవ్వండి. ప్రతి రూపం నుంచీ దారిమార్పు పేజీ (ఆ పేరుతో వెతికినా ఇదే వ్యాసానికి తీసుకొచ్చేది) పెట్టండి, ఇనీషియల్స్‌తో రాసిన రూపం నుంచి కూడా. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరును 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి రాసిన ఫాస్ఫరస్ పత్రం ఇంగ్లీషులో Subbarow అనే స్పెల్లింగుతో ఇచ్చింది. అలాంటి స్పెల్లింగు నుంచీ దారి ఉండాలి.

వ్యాసం లోపల ఏ కాలానికి ఏ పేరన్నది ఇంకో చిక్కు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్‌కు ఆ బిరుదు వచ్చింది 1892లో. పరమ ఉష్ణోగ్రత కొలమానాన్ని ప్రతిపాదించిన 1848లో ఆయన విలియమ్ థామ్సన్. అప్పటి సంగతి చెప్పేటప్పుడు థామ్సన్ అని రాస్తేనే చదివేవాళ్లకు తికమక ఉండదు. టూ యూయూ లాంటి చైనా శాస్త్రవేత్తల ఇంటిపేరు ముందే వస్తుంది, దాన్ని వెనక్కి తిప్పొద్దు.

ఆమె జీవించి ఉంటే ఇటీవలి పత్రాల్లో, సంస్థ పేజీలో తన పేరు ఎలా రాసుకుంటున్నారో తప్పకుండా చూడండి. మూలాలు రెండు వైపులా సమానంగా ఉంటే నేనైతే ఆమె వాడుకుంటున్న పేరుకే మొగ్గుతాను. ఏ పేరుతోనైతే ఆమె ఎప్పుడూ ప్రచురించలేదో, బయట ఎక్కడా రాలేదో, దాన్ని మాత్రం తవ్వి తీయకండి. అది ఆమె సొంత విషయం. ఎవరైనా శీర్షిక మార్చాలంటే పేజీని వెంటనే తరలించకుండా, మీ దగ్గరున్న మూలాలు చర్చా పేజీలో పెట్టి మాట్లాడండి.