యువత కోసం దైవవిశ్వాసం మీద నవల రాస్తుంటే ప్రవచనంలా తయారవుతోంది, ఏం చేయాలి?

దేవుడి మీద నమ్మకం చుట్టూ తిరిగే నవల టీనేజ్ పిల్లల కోసం రాస్తున్నానన్నారు. 'నేనెవరు' అని తేల్చుకోవడానికి అది వాళ్లకు ఆసరా కావాలి, కానీ రాసేకొద్దీ ప్రవచనం అయిపోతోందని మీ బాధ. కొన్నేళ్లుగా ఇలాంటి కథలే రాస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చింది చెబుతాను.

ఈ వయసులో చాలామందికి అసలు గొడవ దేవుడు ఉన్నాడా లేడా అన్నది కాదు. "ఈ నమ్మకం నాదా, అమ్మానాన్నలదా?" అన్నది. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ మార్షియా 1966లో దీన్ని బాగా విడదీసి చూపించాడు. వెతుకులాటే లేకుండా పెద్దవాళ్లు ఇచ్చినదాన్ని తనదనుకోవడం ఒక స్థితి. ఇంకా ఏదీ తేల్చుకోక వెతుకుతూ ఉండటం ఇంకొకటి. వెతికి, తేల్చుకుని నిలబడటం మరొకటి. అసలు వెతకనూ లేదు, తేల్చుకోనూ లేదు అనేవాళ్లు నాలుగో రకం. మన భక్తి కథల్లో హీరో తరచుగా మొదటి స్థితిలోంచి కాస్త దారి తప్పి, మళ్లీ అక్కడికే వచ్చి చేరతాడు. పెద్దవాళ్లకు సంతోషం. చదివే పిల్లల ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఈ తేడా సీన్‌లో కనబడాలి. నా కథ ఒకదానిలో పదిహేడేళ్ల అమ్మాయి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటుంది. పెదవులు కదులుతుంటాయి. మధ్యలో ఒక కన్ను కాస్త తెరిచి, అమ్మ తనను చూస్తోందేమోనని చూస్తుంది. అమ్మ కళ్లు మూసుకునే ఉంది. పిల్ల పెదవులు ఆగిపోతాయి. అంతే, వివరణ లేదు. చదివిన పిల్లలు నాతో ఎక్కువగా మాట్లాడింది దీని గురించే. చివర్లో ఆ అమ్మాయి మారిందా లేదా అని ఎవరూ అడగలేదు!

సందేహించే పాత్రకు తెలివైన మాటలివ్వండి. ఓడిపోవడానికే పుట్టించిన నాస్తిక స్నేహితుణ్ని పిల్లలు ఇట్టే పసిగడతారు. పాత గ్రంథాలకు ఈ భయం లేదు. కఠోపనిషత్తులో నచికేతుడు చావు తర్వాత ఏముందో చెప్పమని యముణ్నే పట్టుబడతాడు. సంపదలు, దీర్ఘాయుష్షు ఇస్తానన్నా వద్దంటాడు. బైబిల్లో, ఏ తప్పూ చేయకుండానే కష్టాలపాలైన యోబు దేవుడితోనే వాదానికి దిగుతాడు. దేవుడు అతణ్నీ నిలదీస్తాడు గానీ, చివరికి ఆయన కోపం మాత్రం తన తరఫున వకాల్తా పుచ్చుకున్న యోబు స్నేహితుల మీదే.

క్లైమాక్స్‌లో అద్భుతమో, గురువుగారి ఉపన్యాసమో వచ్చి ముడి విప్పేస్తే కథ పోయినట్టే. నిర్ణయం ఆ పిల్లదే కావాలి, దానికోసం ఓ స్నేహమో, ఇంట్లో మంచిపేరో వదులుకోవాలి. కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, తప్పదు (కొనేది వాళ్లేననుకోండి).

డ్రాఫ్ట్ పిల్లలకు ఇచ్చి "నచ్చిందా?" అని అడగకండి, మర్యాదకు నచ్చిందనే అంటారు. "ఎక్కడ అబద్ధంగా అనిపించింది?" అనండి. పేజీ తిప్పి మరీ చూపిస్తారు.