మగ్గం చప్పుడు వస్తోంది, బొమ్మ రావట్లేదు

ప్రశ్న: అక్కా, మాది భూదాన్ పోచంపల్లి. నాన్న నేసిన ఇక్కత్ చీరలు మా సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. ఐఫోన్‌తో తీసిన 40 సెకన్ల మగ్గం వీడియో అందులో పెట్టాం. నా ఫోన్‌లో బాగానే వస్తోంది. బెంగళూరులో ఒకావిడకు ల్యాప్‌టాప్‌లో చప్పుడు తప్ప బొమ్మ రావట్లేదట. ఇంకొకరికి చక్రం తిరుగుతూనే ఉందట. మా బావ ఫైలు పేరు చివర ఎంపీ4 అని మార్చినా లాభం లేకపోయింది. ఏవీ1 లోకి మార్చమని ఒకరు, వెబ్ఎమ్ అని ఒకరు చెబుతున్నారు. పండగ ముందు ఇదో టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఎంపీ4 అన్నది పెట్టె పేరు. పెట్టె మీద చీటీ మారిస్తే లోపలి చీర మారదు కదా. మీ ఐఫోన్ వీడియోను హెచ్265 పద్ధతిలో కుదించి దాస్తోంది. ఫోన్‌లో చోటు ఆదా చేయడానికి అది మంచిదే. కానీ దాని వెనక పేటెంట్ రుసుముల చిక్కులున్నాయి, అందుకే కొన్ని బ్రౌజర్లు దాన్ని సొంతంగా ఆడించవు. కంప్యూటర్‌లోని చిప్ సాయం లేకపోతే శబ్దం మాత్రమే వస్తుంది. బెంగళూరు ఆవిడకు జరిగింది అదే అయి ఉంటుంది.

మీకు కావలసింది హెచ్264 అనే కుదింపు పద్ధతి. 2003 నాటిది, పాతదని చిన్నచూపు వద్దు. పాత ఫోన్లు, ఆఫీసు కంప్యూటర్లు, కొత్త ట్యాబ్లు అన్నిటిలోనూ ఆడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అసలు ఫైలు తెరిచి, 720పి, హెచ్264 ఎంచుకోండి. 'వెబ్ ఆప్టిమైజ్డ్' అనే గడిలో టిక్ తప్పకుండా పెట్టండి. బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే పట్టిక చాలాసార్లు ఫైలు చివర ఉంటుంది, ఆ టిక్ దాన్ని ముందుకు తెస్తుంది. చక్రం తిరగడానికి ముందుగా అనుమానించాల్సింది ఇదే. నేను మొదటిసారి పేజీలో వీడియో పెట్టినప్పుడు ఆఫీసులో వెంటనే ఆడింది, ఊళ్లో అమ్మ ఫోన్‌లో మాత్రం ఫైలంతా దిగేదాకా కదల్లేదు. రెండు రోజులు నెట్‌ను తిట్టుకున్నాక ఈ పట్టిక సంగతి తెలిసింది.

రెండో కారణం బరువు. ఐఫోన్ మామూలు సెట్టింగ్‌లో, అంటే 1080పిలో, నిమిషానికి దాదాపు 60 ఎంబీ, మీ 40 సెకన్లకు 40 ఎంబీ. సెకనుకు 15 లక్షల బిట్లకు కుదిస్తే 7.5 ఎంబీ అవుతుంది. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా స్టాండ్ మీద పెట్టి తీయండి. వెనక గోడ, మగ్గం గుంట కదలకపోతే వాటిని మళ్లీ మళ్లీ దాచే పని ఉండదు, ఆ బిట్లన్నీ నాన్నగారి చేతులకూ నాడెకూ దక్కుతాయి. బావకు ఫైలు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపకండి, అక్కడ ఒకసారి నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

ఏవీ1 కూడా హెచ్264 లాంటి కుదింపు పద్ధతే, గొప్పదే. 2018లో వచ్చింది, రుసుములు అడగకుండా అందరూ వాడుకోవాలని చేసింది, అదే నాణ్యతకు ఫైలు ఇంకా చిన్నదవుతుంది. కానీ ఐఫోన్లలో 15 ప్రో కంటే పాతవాటి బ్రౌజర్‌లో అది ఆడదు. వెబ్ఎమ్ కూడా ఎంపీ4 లాగే పెట్టె, దాన్ని ఇప్పటికి వదిలేయండి. ముప్పై నలభై చీరలకు వీడియోలు పెట్టే రోజు వస్తే, పేజీ కోడ్‌లో ముందు ఏవీ1, దాని కింద హెచ్264 రాయమని బావకు చెప్పండి. బ్రౌజర్ పైనుంచి చూసుకుంటూ తాను ఆడించగలిగిన మొదటిదాన్ని తీసుకుంటుంది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నాకు ఇదే ఎక్కువ బాధ. వెబ్ వీడియోలు దాదాపు అన్నీ వెలుగునీడల్ని ప్రతి చుక్కకూ దాస్తాయి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకసారే. ఎర్ర అంచు నల్లటి ఒంటిని తాకే చోట రంగు అలుక్కుపోయినట్టు కనిపించేది అందుకే. చిటికి కట్టి (రంగు పట్టకూడని చోట దారంతో బిగించి) రంగు అద్దిన నూలుకు డిజైన్ అంచుల్లో సహజంగానే చిన్న చెదురు ఉంటుంది. నిజమైన ఇక్కత్‌ను ప్రింటు నుంచి వేరుగా గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు. వీడియోలో ఆ చెదురు, కంప్రెషన్ అలుకుడు కలిసిపోతాయి. కాబట్టి డిజైన్‌ను బాగా దగ్గర నుంచి తీయండి, పక్కనే పెద్ద ఫోటో పెట్టండి. చివరి ఐదు సెకన్లు నాన్నగారిని చీర తిరగేసి చూపించమనండి. నిజమైన ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అది 720పిలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.