పాచికలున్న గది జూదగృహమవుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం. నేను ఇంటి నుంచే పనిచేసే ప్రైవేటు ఉద్యోగిని. ఐదుగురు మిత్రులం కలిసి అద్దెకు తీసుకున్న మేడ మీద గదిలో ప్రతి ఆదివారం యుద్ధక్రీడ ఆడతాం. బొటనవేలి కణుపంత సైనికుల బొమ్మలను కొని, లేదా త్రీడీ ప్రింటరులో తీసి, సన్న కుంచెలతో రంగులు వేసి, బల్ల మీద ఊళ్లూ చెరువుగట్లూ అమర్చి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ పాత యుద్ధాలను ఆడతాం. ఇప్పుడు ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ మధ్య 1758లో జరిగిన చందుర్తి యుద్ధాన్ని సిద్ధం చేస్తున్నాం. ఏనాడూ రూపాయి పందెం కాయలేదు. సంక్రాంతికి ముందు, మేడ మీద పాచికల జూదమైన గుండాట జరుగుతోందని ఎవరో చెప్పగా ముగ్గురు పోలీసులు వచ్చి పాచికల డబ్బా, లెక్కల నోటుబుక్కు, రెండు ట్రేల బొమ్మలు తీసుకెళ్లారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. మర్నాడు స్టేషనుకు పిలిచి పేర్లు రాసుకున్నారు. 'ఒప్పేసుకుని ఫైను కట్టేయండి, ఒక్క పూటతో పోతుంది' అని తెలిసినవాళ్లు అంటున్నారు. మాలో ఒకరు ఎస్సై పరీక్షకు చదువుతున్నారు. ఇంటి యజమాని గది ఖాళీ చేయమంటున్నారు. మా మీద కేసు నిలుస్తుందా? బొమ్మలు తిరిగి వస్తాయా? వేసవిలో తలా 300 రూపాయల రుసుముతో పోటీ పెట్టవచ్చా? ప్రింటు తీసిన బొమ్మలు అమ్మవచ్చా?

జవాబు: మీరు అడిగిన వరుసలో కాకుండా, అన్నిటికంటే తొందరగా తేల్చుకోవలసిన విషయంతో మొదలుపెడతాను. మీలో ఎవరూ, ఎట్టి పరిస్థితిలోనూ, చేయని నేరాన్ని ఒప్పుకుని ఫైను కట్టవద్దు. కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ ఈ సలహా ఎంత సులువుగా ఇస్తారో, దాని ఫలితాన్ని ఆ తర్వాత కుర్రవాళ్లు ఎంత కాలం మోస్తారో చూస్తూ ఉన్నవాడిని కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. మేజిస్ట్రేటు ముందు నేరం అంగీకరించి కట్టిన జరిమానా, వంద రూపాయలైనా సరే, చట్టం దృష్టిలో శిక్షే. మీ పేరు పక్కన దోషి అన్న నిర్ధారణ పడుతుంది. అంగీకారం మీద పడిన ఆ శిక్షకు, శిక్ష పరిమాణం గురించీ దాని చట్టబద్ధత గురించీ తప్ప, అప్పీలు కూడా ఉండదని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 416వ సెక్షన్ చెబుతోంది. ఎస్సై ఉద్యోగానికి ఎంపికైనవారు నింపే ధ్రువీకరణ పత్రంలో కేసులనూ శిక్షలనూ వెల్లడించాలి. దాచిపెడితే ఏమవుతుందో, వెల్లడించినా నియామకాధికారికి ఎంతవరకు విచక్షణ ఉంటుందో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో వివరంగా చెప్పింది. పోలీసు ఉద్యోగానికే వెళ్లదలచిన మీ మిత్రుడికి జూదం కేసులో శిక్ష ఎంత అడ్డంకి అవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఒక్క పూటతో పోయేది కోర్టు హాజరు మాత్రమే. మిగిలినదంతా వెంట వస్తుంది.

ఇక కేసు నిలుస్తుందా అన్న ప్రశ్న. మన రాష్ట్రంలో దీనికి వర్తించేది ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974. జూదగృహాన్ని నడపడం 3వ సెక్షన్ కిందా, అందులో ఆడుతూ దొరకడం 4వ సెక్షన్ కిందా నేరాలు. రెండింటికీ పునాది ఒక్కటే: అక్కడ జరిగింది చట్టం చెప్పిన అర్థంలో జూదం అయి ఉండాలి, అంటే డబ్బు రూపంలో గానీ మరో రూపంలో గానీ గెలుపు కోసం, బహుమతి కోసం ఆడినదై ఉండాలి, లేదా పందెం కాసినదై ఉండాలి. అంతేకాక ఆ గది జూదగృహం అనిపించుకోవాలంటే, దాన్ని ఉంచుకున్నవారికో వాడుకుంటున్నవారికో అక్కడి జూద సామగ్రి వల్ల గానీ ఆ స్థలం వల్ల గానీ లాభం కలుగుతూ ఉండాలి. మీరు ఐదుగురూ అద్దెను సమానంగా పంచుకుంటున్నారు, ఎవరి జేబులోకీ ఏమీ రావడం లేదు, ఓడినవారు ఇచ్చేదీ గెలిచినవారు పుచ్చుకునేదీ లేదు. ఇది నిజమైతే, ఈ చట్టంలోని నేరానికి కావలసిన ముఖ్యాంశాలు మీ విషయంలో లేవు.

అయినా నిశ్చింతగా ఉండమని చెప్పలేను. జూద సామగ్రి అన్న మాటకు ఈ చట్టం ఇచ్చిన నిర్వచనంలో పేకముక్కలతో పాటు పాచికలు, ఆటబల్లలు, బల్లమీది గుడ్డలు, పలకలు మాత్రమే కాక, జూదం లెక్కలు రాసిన పుస్తకం కూడా చేరుతుంది. 5వ సెక్షన్ ప్రకారం ప్రవేశించి సోదా చేసిన చోట ఇలాంటి సామగ్రి దొరికితే, అది జూదగృహమేనని, అక్కడ ఉన్నవారు జూదం ఆడుతున్నారని, విరుద్ధంగా రుజువయ్యే వరకు కోర్టు భావించవచ్చని 6వ సెక్షన్ చెబుతోంది. నోటుబుక్కు పోలీసుల చేతికి వెళ్లకముందు మీరు తీసుకున్న ఒక పేజీ ఫొటోను ప్రశ్నతో పాటు పంపారు. అందులో ఇద్దరి పేర్లు, ఒక్కొక్కరి ఎదుట 1500 అన్న అంకె, కింద ఒక పేరు చుట్టూ గీసిన గుండ్రం, పక్కన 'గెలుపు' అన్న మాట ఉన్నాయి. ఆ 1500 ఒక్కో సైన్యం బలాన్ని తూచే పాయింట్లని, ఇరుపక్షాలూ సమవుజ్జీగా ఉండడానికి అలా కూర్చుకుంటారని మీకు తెలుసు. సంక్రాంతి ముందు మేడ మీద గదిలో పాచికల పక్కన ఆ పేజీ కనిపించిన పోలీసుకు మాత్రం అది పందెం ఖాతాలాగే కనిపిస్తుంది. నిజానికి మీ గదిలో అన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు పాచికలు కావు, ఆ పుస్తకం. ఇకపై ప్రతి పేజీ మీద తేదీ, ఆడుతున్న యుద్ధం పేరు, ఏ దళానికి ఎన్ని పాయింట్లో విడివిడిగా రాయండి. 'ఫ్రెంచి పదాతిదళం, ఇన్ని పాయింట్లు. ఫిరంగి, ఇన్ని పాయింట్లు' అని ఉన్న పేజీని ఎవరూ రూపాయల లెక్కగా చదవలేరు.

కోర్టు ముందుగానే అలా భావించే ఆ ఊహను తిప్పికొట్టడం కష్టమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో డబ్బుకు రమ్మీ ఆడుతున్నారన్న అభియోగం మీద సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ ఈ రంగంలో మూలస్తంభం. రమ్మీలో ముక్కలు పడే తీరును గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు అన్నది. మూడు ముక్కలాట కేవలం అదృష్టమని దాన్ని వేరుచేసింది. మీకు అంతకన్నా ఉపయోగపడే మాట ఇంకొకటి ఆ తీర్పులోనే ఉంది. చట్టం కల్పించిన ఊహ వర్తిస్తుందనుకున్నా, పోలీసుల వైపు సాక్ష్యంతోనే అది తొలగిపోయిందని న్యాయమూర్తులు భావించారు. అంటే సోదాకు వచ్చినవారు అక్కడ ఏం చూశారో, ఏం చూడలేదో మీ పక్షాన పనిచేస్తుంది. బల్ల మీద గానీ, ట్రేలో గానీ, ఎవరి చేతిలో గానీ పందెం డబ్బు దొరకలేదు కదా? ఆ మాట వారి నోటే రావాలి. ఇంకొక సంగతి: 6వ సెక్షన్‌లోని ఊహ 5వ సెక్షన్ పద్ధతిలో జరిగిన ప్రవేశానికే వర్తిస్తుంది. ఏ అధికారంతో వచ్చారో చెప్పకుండా, సోదాకు సాక్షులుగా ఉండే మధ్యవర్తులు లేకుండా, వారి నివేదిక రాయకుండా వస్తువులు పట్టుకెళితే ఆ ఊహ మీద ఆధారపడడం ప్రాసిక్యూషన్‌కు కష్టమవుతుంది.

మీ మిత్రుల్లో ఒకరు 15వ సెక్షన్‌ను నమ్ముకుందామన్నారని రాశారు. 1974లో చేసిన చట్టంలో, కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు చట్టం వర్తించదని ఆ సెక్షన్‌లో ఉన్నది. మీ రక్షణను దాని మీద కట్టవద్దని నా సలహా. మీ ఆటలో వ్యూహం ఎంత ఉన్నా పాచికలూ ఉన్నాయి కనుక 'కేవలం' అన్న మాట దగ్గరే వాదన మొదలవుతుంది. పైగా 2020 సవరణ తర్వాత పందెం విషయంలో చట్టం ఇంకా బిగిసింది. పందెమే లేదన్నది మీ అసలు బలం, దాన్ని వదిలి పక్కదారి పట్టవద్దు. ఆట స్వభావాన్ని వివరించవలసి వస్తే మాత్రం ధైర్యంగా వివరించండి. ప్రష్యా (నాటి జర్మను రాజ్యం) సైన్యం 1824 నుంచి తన అధికారులకు యుద్ధవిద్య నేర్పడానికి పటం మీద దళాలను నడిపే క్రీగ్‌ష్పీల్ అనే ఆటను వాడింది. తుపాకీ పేలినంత మాత్రాన గుండు తగలదు కనుక ఆ అనిశ్చితిని చూపడానికి అందులోనూ పాచికలే వేశారు. గుండాటలో పాచికే ఆట. మీ బల్ల మీద ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ సైన్యాన్ని ఎటు తిప్పాలో, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఫిరంగులను ఎక్కడ నిలపాలో ఆడేవాడు ఆలోచించి తేల్చిన తర్వాతే పాచిక పడుతుంది.

పోలీసుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. పండుగకు మన జిల్లాల్లో కోడిపందేల బరుల పక్కన గుండాట బల్లలు వేసి కుటుంబాలను నిలువునా ముంచేవారు ఉన్నారు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అరికట్టాలని ఆదేశించాక ఆ రోజుల్లో స్టేషన్ల మీద ఒత్తిడి ఎక్కువే. కాబట్టి ఫిర్యాదు వస్తే వచ్చి చూడడం వారి విధి. చూసిన తర్వాత పద్ధతి పాటించడం కూడా వారి విధే. సంహిత 103వ సెక్షన్ ప్రకారం స్థానికులైన సాక్షుల ఎదుట సోదా చేసి, పట్టుకున్న వస్తువుల జాబితా రాసి, దాని నకలు ఇంట్లో ఉన్నవారికి ఇవ్వాలి. 105వ సెక్షన్ ప్రకారం ఆ ప్రక్రియను ఫోనులోనైనా వీడియో తీయాలి.

బొమ్మల విషయానికి వస్తే, ముందు స్టేషన్ అధికారి పేర రిజిస్టరు పోస్టులో ఒక విజ్ఞాపన పంపండి. కేసు నమోదైతే ఎఫ్‌ఐఆర్ నకలు, మధ్యవర్తుల నివేదిక నకలు ఇవ్వాలని, నమోదు కాకపోతే వస్తువులు తిరిగి అప్పగించాలని అందులో మర్యాదగా కోరండి. ఒక్కో బొమ్మను గుర్తుపట్టే ఫొటోలు, కొన్న రసీదులు, ఆటలో తీసిన పాత వీడియోలు జతచేయండి. అప్పటికీ ఇవ్వకపోతే అమలాపురంలోని మేజిస్ట్రేటు కోర్టులో, వస్తువులు కోర్టుకు చేరి ఉంటే సంహిత 497వ సెక్షన్ కింద, చేరకపోతే 503వ సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు. పట్టుకున్న సొత్తును స్టేషనులో అవసరానికి మించి ఉంచకూడదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. వేలి గోరంత ముఖాల మీద నెలల తరబడి వేసిన రంగు గోనెసంచిలో ఒరుసుకుని పోతుందని, దూది పరిచిన పెట్టెలో ఉంచేలా ఆదేశించాలని పిటిషన్‌లోనే కోరండి. న్యాయమైన కోరికే కనుక సంకోచించవద్దు. మళ్లీ పిలుపు వస్తే సంహిత 35వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద రాతపూర్వక నోటీసు అడిగి, అది అందాక తప్పకుండా హాజరు కండి. తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టవద్దు.

ఇంటి యజమాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నెలవారీ అద్దెకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. తాళం మార్చి బలవంతంగా గెంటేస్తే, నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపల దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అయితే ఆయనను ఒక ఆదివారం పైకి పిలిచి ఆట మొత్తం చూపించడం వీటన్నిటికన్నా మంచిది.

వేసవి పోటీ దగ్గర జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఇప్పటిదాకా లేని ప్రమాదాన్ని మీరే తెచ్చుకునే చోటు ఇది. తలా 300 వసూలు చేసి, ఆ మొత్తంలోంచి గెలిచినవారికి నగదు గానీ ఖరీదైన బొమ్మల పెట్టె గానీ ఇస్తే, 'మరో రూపంలో బహుమతి' అన్న మాట నేరుగా మీ మీదికి వస్తుంది. మిగులు మీరు ఉంచుకుంటే లాభం అన్న అంశం కూడా తోడవుతుంది. హాలు అద్దెకు, భోజనాలకు అయ్యే ఖర్చునే పంచుకుని, ప్రతి రూపాయికీ రసీదు ఉంచి, గెలుపుకు ప్రశంసాపత్రం మాత్రం ఇవ్వండి. బహుమతి ఇవ్వాలని మనసుంటే రంగులు వేయడంలో పోటీ పెట్టి, రుసుముతో సంబంధం లేని దాత చేత, న్యాయనిర్ణేతల నిర్ణయం మీద ఇప్పించండి. అక్కడ పాచికా లేదు, పందెమూ లేదు. యానాంలో పెట్టుకుంటే ఆంధ్ర చట్టం వర్తించదు కదా అన్న ఆలోచన వద్దు. వర్తించని మాట నిజమే, కానీ పుదుచ్చేరికి తన జూద నిరోధక చట్టం ఉంది. దూరంగా ఉన్న మిత్రులతో యాప్‌లో డబ్బు పెట్టి ఆడితే 2025 నాటి కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా వచ్చిపడుతుంది.

ప్రింటు బొమ్మల ప్రశ్నకు జవాబు మీ దగ్గరున్న డిజిటల్ ఫైలు లైసెన్సులో ఉంటుంది. కాపీరైట్ చట్టం, 1957 శిల్పాన్ని కళాకృతిగా గుర్తిస్తుంది, దాని ప్రతులు తీసే హక్కును కర్తకే ఇస్తుంది. సొంత వాడుకకు న్యాయమైన మేరకు వాడుకోవడానికి 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉన్నా, అమ్మకానికి ఆ నీడ లేదు. శిల్పికి డబ్బు కట్టి వాణిజ్య లైసెన్సు తీసుకున్న ఫైళ్లనే ప్రింటు తీసి అమ్మండి, ఆ లైసెన్సు కాగితాన్ని దాచుకోండి. పేరున్న కంపెనీ బొమ్మను స్కాన్ చేసి ప్రతులు తీసి అమ్మితే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు; వార్‌హామర్ వంటి పేరున్న బొమ్మల ఆట పేరును మీ సరుకుకు తగిలిస్తే ట్రేడ్‌మార్కు కేసు అదనం. చందుర్తిలో పోరాడిన విజయనగరం సైనికులను మీ మిత్రుడే స్వయంగా చెక్కుతున్నాడని రాశారు. ఆ శిల్పాల మీద హక్కు పూర్తిగా అతనిదే. వాటి ఫైళ్లను తేదీలతో సహా భద్రపరచమనండి, అమ్మకం వాటితో మొదలుపెట్టండి.